పిల్లి దూకిన శ్లాబు

ఆ మేడ మీద పిల్లి దూకిందని చెప్పింది నేనే. అది దూకితే కింద గదిలో ఫ్యాను ఊగిందనీ, ఫ్యాను కింద పెట్టుకున్న నా టీ గ్లాసులో పెచ్చు రాలి పడిందనీ, చూసుకోకుండా సగం టీ పెచ్చుతో సహా తాగేశాననీ కూడా నేనే చెప్పాను. అందులో నిజమల్లా టీ ఒక్కటే.

మాది మైలవరం అవతల ఊరు. తప్పిపోయిన మా గేదె తనంతట తానే బస్సెక్కి మైలవరం వెళ్ళి, ఊరు నచ్చక సాయంత్రం బస్సుకి తిరిగొచ్చేసిందని మా నాన్న చెబితే, వినేవాళ్ళు "ఏ బస్సుకి?" అని అడిగేవాళ్ళు గానీ గేదె బస్సెక్కడమేంటని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఆ ఇంట్లో పుట్టి, నలభై తొమ్మిదేళ్ళు వచ్చినదాన్ని. ఉన్నది ఉన్నట్టు చెబితే ఉప్పు లేని పప్పు నోట్లో పెట్టుకున్నట్టుంటుంది నాకు.

బెజవాడలో ఒక ప్రభుత్వాఫీసులో, ఇంజనీరింగ్ విభాగంలో, కాంట్రాక్టు మీద కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం నాది. పిల్లి సంగతి మూడేళ్ళ కిందటిది. వన్ టౌన్‌లో, టోకు కొట్ల వెనక సందులో మా ఆఫీసు అజమాయిషీ కింద ఒక చిన్న ఆరోగ్య కేంద్రం ఉంది. రెండు గదులు, పైన ఖాళీ మేడ. అక్కడి నర్సుని అందరం సిస్టర్ అనే పిలుస్తాం. ఆమె నన్ను అక్కా అంటుంది. అప్పట్లో మా ఆఫీసులో విరిగిన కుర్చీలూ, తుప్పు పట్టిన బీరువాలూ ఎక్కువైపోయి, వాటినన్నిటినీ ఆ మేడ మీదకి ఎక్కించాలని పెద్దలు అనుకున్నారు. సిస్టర్ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"చంటిపిల్లలొచ్చే చోటక్కా అది. ఆ డొక్కుల్లో వాననీళ్ళు నిలిచి దోమలు చేరతాయి. నువ్వే ఏదో ఒకటి చెయ్యి."

మామూలుగా చెబితే ఎవరు వింటారు? అందుకని పిల్లిని దూకించాను. అప్పటి మా ఆఫీసరు పది రోజుల్లో రిటైరవబోతున్నారు. ఈ పది రోజుల్లో ఏ శ్లాబూ కూలకూడదని ఆయన భయం. ఫైలు తెప్పించి, ఎర్ర ఇంకుతో, "శ్లాబు బలహీనం. పైన ఎటువంటి బరువూ ఉంచరాదు" అని రాసి సంతకం పెట్టేశారు. డొక్కులు ఇంకో మేడకి పోయాయి. ఆ క్రిస్మస్‌కి సిస్టర్ నాకు కేకు తెచ్చిచ్చింది. కేకు తినేశాను, పిల్లిని మర్చిపోయాను.

ఈ మే నెలలో అది తిరిగొచ్చింది.

సర్కారు భవనాల మీద సోలార్ పలకలు పెట్టుకోవడానికి ఊళ్ళకి గ్రాంటు ఇస్తారని పైనుంచి కబురొచ్చింది. ఊరికే ఇవ్వరు. అర్జీ పెట్టుకోవాలి, ఊళ్ళ మధ్య పోటీ. బడులు, ఆసుపత్రులు, లైబ్రరీలు, ఏయే మేడల మీద పెడతారో జాబితా కావాలి. ఒక్కో మేడ కొలత, నీడ ఎటు పడుతుంది, శ్లాబు గట్టిగా ఉందని ఇంజనీరు సంతకం. శనివారం సాయంత్రం ఐదింటికి పోర్టల్ మూసేస్తారు.

ఈ పని చూసే మా అసిస్టెంట్ ఇంజనీరు, ఏఈ గారు, మంగళగిరి నుంచి రోజూ బస్సులో వస్తారు. నాకంటే ఇరవయ్యేళ్ళు చిన్న. అయినా సారే. మీ నగరానికి ఈ గ్రాంటు ఎందుకు అవసరమో రాయండి అని అర్జీలో ఒక గడి ఉంటే, మా ఊళ్ళో మిట్టమధ్యాహ్నం మేడ మీద అప్పడం పెడితే దానంతటదే వేగుతుంది, తిరగెయ్యడానికి మాత్రం ఎవరో ఒకరు మేడెక్కాలి అని రాశాను. ఆయన చదివి, నా ముందే చెరిపేశారు.

"ఇది అర్జీ అండి మేడమ్."

"అందుకే కదండీ రాశాను. చదివేవాళ్ళకి నిద్ర రాకూడదని."

నవ్వలేదు. ఆయన నవ్వరు. అదొక్కటే ఆయనలో లోపం.

జాబితా తయారవుతోందని తెలిసిన రోజు నుంచీ సిస్టర్ రోజుకి రెండుసార్లు ఫోను. ఆమె బాధ టీకాల ఫ్రిజ్. వేసవిలో కరెంటు పోతే అది కొన్ని గంటలే చల్లదనం నిలుపుతుంది. ఇన్వర్టరు బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. అందుకని కరెంటు ఎంతకీ రాకపోతే టీకాలన్నీ ఐసు పెట్టెలో సర్దుకుని, ఆ పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఆటోలో పెద్దాసుపత్రికి పరిగెత్తాలి. కిందటి వేసవిలో ఒకరోజు తోపుడుబళ్ళ మధ్య ఆటో ఇరుక్కుపోయి, వేళ మించిపోయి, పెట్టెడు టీకాలూ పారేయాల్సి వచ్చింది. వరసలో నిలబడ్డ తల్లుల్ని వెనక్కి పంపింది. అందులో ఒకామె మళ్ళీ రాలేదు. ఆ బిడ్డ పేరు సిస్టర్ ఇప్పటికీ రిజిస్టరులో వేలు పెట్టి చూపిస్తుంది.

"మా మేడ మీద పలకలు పడితే ఈ పరుగు తప్పుతుందక్కా. మా పేరు రాశావు కదా?"

"మొదటి వరసలో రాశాను," అన్నాను. నిజంగానే రాశాను.

గురువారం పొద్దున ఏఈ గారు పాత ఫైళ్ళన్నీ ముందేసుకుని ఒక్కో భవనానికీ టిక్కు పెట్టుకుంటూ వచ్చి, వన్ టౌన్ కేంద్రం దగ్గర ఆగారు.

"ఇది తీసెయ్యండి మేడమ్. శ్లాబు బలహీనమని ఉంది."

ఎర్ర ఇంకు అలాగే మెరుస్తోంది. ఆ టీలో పెచ్చు నిజంగానే పడిందేమో అనిపించింది ఒక్క క్షణం.

"అది నిజం కాదండి," అన్నాను.

"ఏది?"

"పిల్లి."

మొత్తం చెప్పాను. గేదె సంగతి తప్ప. ఆయన పెన్ను కింద పెట్టి విన్నారు. విన్నాక, మూడేళ్ళ కిందట చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెబుతున్నది అబద్ధమా అన్నట్టు చూశారు.

"మీ మాట మీద బలహీనమని రాశారు. మళ్ళీ మీ మాట మీదే గట్టిదని రాయమంటారా? రేపు పై నుంచి అడిగితే ఏం చెప్పను? మా ఆఫీసులో ఒక మేడమ్ గారు ఉన్నారు, ఆవిడ ఎటు చెబితే శ్లాబు అటు అని చెప్పనా?"

"మరి ఏం చెయ్యమంటారు?"

"ఫైల్లో పడ్డ మాట కొట్టెయ్యాలంటే పరీక్ష చెయ్యాలి. మేడ నిండా బరువు పెట్టి, ఇరవై నాలుగు గంటలు ఉంచి, కింద శ్లాబు ఎంత దిగిందో కొలవాలి. ఇసుక బస్తాలు ఓ ఎనభై కావాలి. శనివారం లోపల అవుతుందా? వదిలెయ్యండి. వేరే భవనాలు చాలా ఉన్నాయి."

వదిలెయ్యడం ఆయనకి తేలిక. ఆయన పిల్లిని దూకించలేదుగా.

ఆ మధ్యాహ్నమంతా ఇసుక కోసం తిరిగాను. ఈ ఊళ్ళో ఏటి పక్కనే కాపురముండి ఇసుక దొరక్కపోవడం కొత్తేం కాదు. ఇవ్వాళ లేదన్నవాళ్ళే గానీ రేపిస్తామన్నవాళ్ళు లేరు. నాలుగింటికి ఆరోగ్య కేంద్రం సందు మొదట్లో, స్కూటర్ నీడలో పెట్టుకుని నిలబడ్డాను. ఎదురుగా ఉప్పు కొట్టు. ఆవకాయల రోజులు కదా, కల్లుప్పు బస్తాలు గోడౌనులో కప్పు దాకా పేర్చి ఉన్నాయి.

షావుకారు గారికి ముందు నిజమే చెప్పాను. ఆయన పకపకా నవ్వి, "భలే చెబుతావమ్మా," అని మళ్ళీ పేపరు చదువుకున్నారు. అందుకని దారి మార్చాను. ఆవకాయకి ఉప్పుని ఎండబెట్టి దంచుకోవడం మన ఆడవాళ్ళకి కొత్త కాదు. ఈ రోజుల్లో ఆ మేడలూ లేవు, ఆ ఓపికా లేదు. సిస్టర్ గారి మేడ మీద ఒక పగలంతా ఎండ తిన్న ఉప్పు అని బోర్డు పెడితే గుంటూరు నుంచి కూడా వస్తారు అన్నాను. మా మేనత్త అలాంటి ఉప్పుతో పెట్టిన ఆవకాయ పదకొండేళ్ళు నిలవుందనీ, చివరికి జాడీ పాడైంది గానీ కాయ పాడవలేదనీ చెప్పాను.

ఆయన పేపరు మడిచారు. "ఎన్ని బస్తాలు పడతాయి?"

శుక్రవారం ఉదయం హమాలీలు ఎనభై బస్తాలూ మేడెక్కించారు. వాళ్ళ పెద్ద ఒక పట్టాన మొదలుపెట్టనివ్వలేదు. ముందు గోడౌనులోంచి చెక్కలు తెప్పించి నేల మీద పరిచాడు.

"ఎందుకు బాబాయ్, టైమవుతోంది," అన్నాను.

"ఉప్పు బస్తా నేలకి ఆనకూడదమ్మా. ఏ గోడౌనులోనైనా చూడు. ఆవకాయ సంగతులు నువ్వు చెప్పు, బస్తా సంగతి నాకొదిలెయ్."

చెక్కలు అరవై బస్తాలకే సరిపోయాయి. మిగతా ఇరవై నేల మీదే దించారు. ఆయన అయిష్టంగానే దించాడు.

అంతకుముందే, ఇంకా చెక్కలు పరుస్తుండగానే ఏఈ గారు వచ్చి పైకెక్కి, మెట్ల మీది బస్తాలు చూసి నోరు తెరిచారు. "ఉప్పా? ఇసుక కదండీ చెప్పాను. వాన పడితే ఉప్పు నీళ్ళు శ్లాబులోకి దిగి లోపల ఊచలు తుప్పు పడతాయి."

"మే నెలలో వానేంటండి," అన్నాను.

కింద గది మధ్యలో ఇనుప గొట్టం నిలబెట్టి, దాని మీద గడియారంలాగా ముల్లున్న గేజిని కప్పుకి ఆనించి బిగించారు. శ్లాబు వెంట్రుకవాసి దిగినా ముల్లు చెబుతుంది. "ఇక్కడి కుర్చీలు తీయండి," అన్నారు. తీయడానికి కుర్చీలు లేవు. అన్నీ గోడల వారగా ఉన్నాయి. సిస్టర్ బల్ల కిటికీ మూలన, ఎండ నేరుగా పడేచోట ఉంది. ఫ్యాను మాత్రం నడుమ, ఉత్త నేలకి గాలి విసురుతోంది. ఇన్నిసార్లు వచ్చాను, ఎప్పుడూ చూడలేదు.

"అక్కడ ఎవరమూ కూర్చోం సార్," అంది సిస్టర్. "పిల్లి దూకినప్పట్నుంచీ. తల్లుల్ని కూడా కూర్చోనివ్వను. నేను లేనప్పుడు జరిగిందట గానీ, అప్పట్నుంచి నేనూ గమనిస్తున్నా, ఫ్యాను ఊగుతూనే ఉంది."

ఏఈ గారు నా వైపు చూశారు. నేను గోడ మీది టీకాల పట్టిక చదువుకున్నాను. పుట్టగానే ఏవి వెయ్యాలి, ఆరు వారాలకి ఏవి వెయ్యాలి, అన్నీ చదివాను. ముల్లు ఎక్కడుందో రాసుకుని, బస్తాలన్నీ సర్దాక పదకొండింటికి పరీక్ష మొదలైందని ఆయన కాగితం మీద పెట్టారు.

ఆ రోజు నేను చేసిన పనేమీ లేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే వన్ టౌన్ వెళ్ళాలనిపించేది. మూడుసార్లు వెళ్ళాను. ముల్లు కొద్దిగా కదిలి ఆగిపోయింది. ఆకాశం మాత్రం ఆగలేదు. సాయంత్రానికి కొండ వెనకనించి మబ్బు మొదలైంది.

శనివారం తొమ్మిదింటికి నేను సందులోకి వచ్చేసరికి గాలి లేచింది. శనివారం టీకాల రోజు. గది నిండా తల్లులు, చంటిపిల్లలు. పాకే పిల్లలు గేజి గొట్టం పట్టుకోకుండా సిస్టర్ దాని చుట్టూ చున్నీలు కట్టింది. ఒక బుడ్డోడు ఆ చున్నీ కిందనించి ఎలా దూరాలా అని దూరంగా కూర్చుని ఆలోచిస్తున్నాడు. నేను మేడ మీదకీ కిందకీ తిరుగుతున్నాను.

"అక్కా, కాసేపు కూర్చో. నిన్ను చూస్తూ ఒకే బిడ్డకి రెండుసార్లు సూది వేసేసేలా ఉన్నాను," అంది సిస్టర్.

బస్తాల మీద కప్పే బరకాల కోసం కొట్టుకి ఫోన్ చేశాను. ఊళ్ళలో ధాన్యం కళ్ళాల్లో ఉందట, బరకాలన్నీ రాత్రికి రాత్రే రైతులు పట్టుకుపోయారట. పదింటికి మొదటి చినుకు నా చేతి మీద పడింది.

ఇప్పుడు నా ఇరకాటం చూడండి. బస్తాలు దించేస్తే పరీక్ష చెడుతుంది, సిస్టర్ పేరు జాబితాలోంచి పోతుంది. దించకపోతే ఉప్పు నీళ్ళు శ్లాబులోకి దిగి, ఊచలు తుప్పు పట్టి, ఆ మేడ నిజంగానే బలహీనమవుతుంది. నా అబద్ధాల్లో ఒక్కటి కూడా ఇంతవరకూ నిజం కాలేదు. ఇదొక్కటే అయ్యేలా ఉంది.

ఏఈ గారికి ఫోన్ చేస్తే వారధి మీద బస్సులో ఇరుక్కున్నానన్నారు. "కొలత తీసుకోకుండా ఒక్క బస్తా కదిపారా, అంతా వృథా," అన్నారు.

సందు మొదట్లో పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీలు కట్టి ఉన్నాయి. ఎవరి పుట్టినరోజో చూడలేదు. హమాలీల పెద్ద కొడవలితో తాళ్ళు కోశాడు, నేను పట్టుకు లాగాను. పైకి తెచ్చి పరిస్తే, దండం పెడుతున్న ఒక నాయకుడు ఉప్పు మీద వెల్లకిలా పడుకున్నాడు. ఆయన పక్కన అనుచరులు. మొహాల మీద చినుకులు. చెక్కల మీదున్న అరవై బస్తాల కిందనించి నీళ్ళు వచ్చినవి వచ్చినట్టు తూము దాకా పోతున్నాయి. నేల మీదున్న ఇరవై బస్తాల చుట్టూ నేనూ, హమాలీల పెద్దా, బిడ్డలకి టీకా వేయించడానికొచ్చిన ఇద్దరు తండ్రులూ చీపుర్లతో నీళ్ళని అటు తోస్తూనే ఉన్నాం. పలుచగా పడుతున్నంతసేపే అది సాగుతుందని అందరికీ తెలుసు.

"చెక్కలెందుకన్నావ్ నిన్న," అన్నాడు హమాలీల పెద్ద.

"తోయి బాబాయ్, తరవాత తిట్టు."

"తిడతాను. నా మనవడికి ఇక్కడే సూది వేశారు కాబట్టి ఆగాను."

ఏఈ గారు బస్సు దిగి, ఆటో పట్టుకుని, తడిసి ముద్దై వచ్చారు. చున్నీలు దాటి, గేజి దగ్గర సెల్ లైటు వేసి చూసి రాసుకున్నారు. గోడ గడియారం చూశారు.

"పదీ ఇరవై. ఇంకా నలభై నిమిషాలుంది."

పైన వాన పెద్దదవుతున్న చప్పుడు.

"దించెయ్యమంటారా?" అన్నాను.

"దించెయ్యండి."

అరగంటలో ఇరవై బస్తాలూ, ఇంకో గంటలో మిగతావీ వరండాలోకీ, సిస్టర్ రెండో గదిలోకీ చేరాయి. మేడ మీద మోటారు పెట్టి కడిగించాం. బరువు తీసేశాక ముల్లు మెల్లగా నిన్నటి చోటికే వచ్చి నిలబడింది. ఏఈ గారు అది చూసి మొదటిసారి కాస్త నవ్వినట్టే చేశారు.

"గట్టి శ్లాబండి. పలకల బరువు దీనికి లెక్కే కాదు."

"మరి ఇరవై నాలుగు గంటలని రాసెయ్యండి సార్. నలభై నిమిషాలే కదా. ఎవరు చూశారు?"

"ఇరవై మూడు గంటల ఇరవై నిమిషాలు. వాన వల్ల ముందే దించాం అని రాస్తాను."

"ఒక్క చిన్న అబద్ధం సార్."

"మీ చిన్న అబద్ధానికేనండి ఎనభై బస్తాలు మోశారు," అన్నారు. "ఇంకోటి. పాత మాట ఎందుకు తప్పో మీ చేత్తో రాసివ్వండి. అదీ జత చేస్తాను."

కాంట్రాక్టు ఉద్యోగమని ఆయనకీ తెలుసు. నేనూ గుర్తు చెయ్యలేదు. సిస్టర్ బల్ల దగ్గరే కూర్చుని రాశాను. జీవితంలో ఎన్ని కథలు చెప్పానో, ఈ నాలుగు వాక్యాలకి అంత టైము పట్టింది. పిల్లి దూకలేదు. ఫ్యాను ఊగలేదు. పెచ్చు రాలలేదు. పైన సామాను వేయకుండా ఆపడానికి నేను కల్పించి చెప్పాను.

తలెత్తేసరికి సిస్టర్ నా భుజం మీదనించి చదువుతోంది. చివరి తల్లి బిడ్డని ఊరుకోబెట్టుకుంటూ వెళ్ళిపోయింది. కిటికీ మూలనున్న తన కుర్చీ వైపు చూసింది. గది నడిమి చోటు చూసింది.

"మూడు వేసవులక్కా," అంది.

"నీ కోసమే చెప్పాను కదమ్మా."

"నా కోసమే. నాకు చెప్పొచ్చుగా?"

చెప్పాలని తోచలేదు, అంతే.

సాయంత్రం నాలుగూ నలభైకి అర్జీ పోర్టల్లోకి ఎక్కించాను. వన్ టౌన్ కేంద్రం మొదటి వరసలోనే ఉంది. దాని కింద జతపరిచిన కాగితాల్లో నా దస్తూరీ. బటను నొక్కి స్కూటరెక్కి మళ్ళీ వన్ టౌన్ వెళ్ళాను. ఇంటికి పోవచ్చు, పోలేకపోయాను.

వానకి సందంతా కరెంటు పోయి ఉంది. సిస్టర్ కుర్చీని గది నడిమికి లాక్కుని, ఆగిపోయిన ఫ్యాను కింద కూర్చుంది. ఒళ్ళో ఐసు పెట్టె. ఆటో కోసం చూస్తోంది. నేను గుమ్మంలో నిలబడి స్కూటర్ తాళం చూపించాను. లేచి వచ్చింది. నాతో మాట్లాడలేదు గానీ, వెనక కూర్చుంది.

ఇది జరిగి మూడు నెలలు. షావుకారు గారి ఎండ ఉప్పు అంతా అమ్ముడుపోయింది. వానలో తడిసిన బస్తాలతో సహా, మా మేనత్త పేరు చెప్పి. ఆఫీసులో నన్ను పిలిచి మందలించారు, ఉద్యోగం మాత్రం ఉంచారు. రోజూ పొద్దున్నే కంప్యూటరు పెట్టగానే మొదట అర్జీ తెరుస్తాను. పరిశీలనలో ఉంది అని వస్తుంది. ఆ నలభై నిమిషాల దగ్గర ఎవరో కూర్చుని చూస్తున్నట్టే ఉంటుంది నాకు. మధ్యాహ్నం ఇంకోసారి తెరుస్తాను.

వన్ టౌన్ వైపు కరెంటు పోయిందని తెలిస్తే ఫోను రాకముందే బయల్దేరుతున్నాను. మొన్న కూడా అలాగే. సిస్టర్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది. ఈ మధ్య మళ్ళీ మాట్లాడుతోంది.

"అక్కా, పలకలు వస్తాయంటావా?"

"తెలీదమ్మా."

కొంత దూరం పోయాక అంది. "ఊళ్ళో అందరికీ కథలు చెబుతావు. నాకొచ్చేసరికి ఈ ఒక్కదానికి అబద్ధం చెప్పలేవా?"

నోటి దాకా వచ్చింది. గ్రాంటు ఇచ్చే ఆఫీసరు భార్య మా షావుకారు ఉప్పుతోనే ఆవకాయ పెట్టిందట అని మొదలుపెడితే సందు దాటేలోగా సిస్టర్ నవ్వేది. కానీ రాలేదు. ఎదురుగా తోపుడుబండి అడ్డం వచ్చింది, ఆగాను. ఒక చెయ్యి వెనక్కి పెట్టి పెట్టె మూత తాకి చూశాను. చల్లగానే ఉంది.